రాత పరీక్షా, ఇంటర్వ్యూనా? వైద్య, దంత వైద్య సీటుకు మీ బిడ్డకు న్యాయం చేసే దారి ఏది?

నీట్ ఫలితాలు వచ్చిన వారంలో మా ఇంటి వరండా ఖాళీగా ఉండదు. ఇరవై ఏళ్లకు పైగా విశాఖపట్నంలో బైపీసీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను కాబట్టి, పెదవాల్తేరులోని మా ఇల్లు వాళ్లకూ వాళ్ల తల్లిదండ్రులకూ తెలుసు. మార్కుల కాగితం పట్టుకుని వస్తారు. మంచినీళ్లు తాగి రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది, "మాస్టారూ, ఈ పరీక్షలో న్యాయం ఉందంటారా?" రెండోది, "ఇప్పుడేం చేయమంటారు? లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఏడాది చేర్చి మళ్లీ రాయించాలా, పుణెలోని సైనిక వైద్య కళాశాలకు ప్రయత్నించాలా, బీడీఎస్ తీసుకోవాలా, అప్పు చేసి ఇంగ్లండ్ పంపాలా?"

మొదటిది మనసు బాధకొద్దీ అడిగేది, రెండోదే అసలు సంగతి అని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఎంపిక పద్ధతి ఏదైనా కొందరికి కలిసి వస్తుంది, కొందరిని వదిలేస్తుంది. ఏ పద్ధతి ఎవరిని వదిలేస్తుందో తెలిస్తే, మీ బిడ్డను ఏ దారిలో పెట్టాలో సగం తేలిపోతుంది.

ఒకే వారంలో నా దగ్గరకు వచ్చిన ముగ్గురు పిల్లలు నాకు బాగా గుర్తు. ఒకమ్మాయి పాడేరు దాటి ఇంకా లోపలికి వెళ్లాల్సిన ఊరిది, గురుకులంలో చదువుకుంది. కొత్తవాళ్ల ముందు నోరు విప్పదు. ప్రశ్నపత్రం చేతికిస్తే మాత్రం తల ఎత్తదు. రెండో పిల్లవాడిది ఎంవీపీ కాలనీ. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతాడు. తాతగారు మంచాన పడితే ఏడాదిపాటు సేవ చేశాడు. కానీ మూడు గంటల్లో 180 ప్రశ్నలు అనేసరికి చేతులు చల్లబడతాయి. మూడో పిల్లవాడు ఏటికొప్పాక నుంచి వచ్చాడు, లక్క బొమ్మలు చేసే ఇంటివాడు. అంకుడు కర్రను లేతు యంత్రం మీద పెట్టి వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కగలడు. వాడి మార్కులకు ఎంబీబీఎస్ రాదు, బీడీఎస్ రావచ్చు. ముగ్గురి మార్కులూ దాదాపు ఒకటే. ముగ్గురికీ ఒకే సలహా ఇస్తే ఇద్దరికి అన్యాయం చేసినవాణ్ణి అవుతాను.

నీట్: మంచి ఎక్కడ, చెడు ఎక్కడ

నీట్‌లో 720 మార్కులు. భౌతికశాస్త్రం 45 ప్రశ్నలు, రసాయనశాస్త్రం 45, జీవశాస్త్రం 90. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఎంబీబీఎస్‌కూ బీడీఎస్‌కూ ఇదే పరీక్ష. రుషికొండలోని డీమ్డ్ విశ్వవిద్యాలయానికైనా, మహారాణిపేటలోని ఆంధ్ర వైద్య కళాశాలకైనా, మంగళగిరి ఎయిమ్స్‌కైనా ఇదే ద్వారం. ఎయిమ్స్, జిప్‌మర్ వేరుగా పరీక్షలు పెట్టుకునే రోజులు 2019తో ముగిశాయి. మైనారిటీ సంస్థలకు కూడా నీట్ వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ పరీక్షలో నేను మనస్ఫూర్తిగా గౌరవించేది ఒకటుంది. ఓఎంఆర్ పత్రం దిద్దే యంత్రానికి మీ అమ్మాయి ఊరు తెలియదు, కులం తెలియదు, యాస తెలియదు. తండ్రి ఏం చేస్తాడో తెలియదు. పాడేరు అమ్మాయికి ఈ తెలియకపోవడమే పెద్ద రక్ష. 13 భాషల్లో తెలుగు కూడా ఉంది. తెలుగు ఎంచుకుంటే రెండు భాషల్లోనూ ముద్రించిన ప్రశ్నపత్రం ఇస్తారు. అయితే అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది. తెలుగులో రాసే పిల్లలు అనుమానం కలిగిన ప్రతి ప్రశ్నకూ పక్కనున్న ఇంగ్లీషు వాక్యాన్ని చూడడం అలవాటు చేసుకోవాలి.

రెండో మంచి, తప్పు జరిగితే ప్రశ్నించే వీలు. మీ ఓఎంఆర్ పత్రం నకలు మీరు చూసుకోవచ్చు. ప్రాథమిక కీ విడుదలయ్యాక ఒక్కో ప్రశ్నకు 200 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. ఈ మాట అంటే వెంటనే 2024 సంగతి ఎత్తుతారు, ఎత్తాలి కూడా. ఆ ఏడాది మే 5న పరీక్ష జరిగింది. జూన్ 4న ఫలితాలు వస్తే ఏకంగా 67 మందికి 720కి 720. 1,563 మందికి సమయం పోయిందని అదనపు మార్కులు కలిపారని తరువాత బయటపడింది. వాటిని రద్దు చేసి జూన్ 23న మళ్లీ పరీక్ష పెట్టారు. హజారీబాగ్, పట్నాల్లో ప్రశ్నపత్రం లీకైందని సుప్రీంకోర్టు కూడా అంగీకరించింది, కానీ దేశమంతటా మళ్లీ పరీక్ష అవసరం లేదని జులై 23న చెప్పింది. చివరికి మొదటి ర్యాంకువారు 17 మంది మిగిలారు.

ఆ రెండు నెలలూ మా వరండాలో కన్నీళ్లు పెట్టుకున్న తల్లులను చూశాను. నిజాయితీగా రాసిన పిల్లలకు ఆ ఏడాది జరిగింది క్షమించరానిది. అయినా ఒక్కటి గమనించండి. తప్పు పట్టుబడింది. ఎందుకంటే అంకెలు అందరి ముందూ ఉన్నాయి. మారుమూల ఊళ్లో కూర్చున్న పిల్లవాడు కూడా "ఇంతమందికి పూర్తి మార్కులు ఎలా వచ్చాయి?" అని అడగగలిగాడు. ఒక గదిలో నలుగురు కూర్చుని మార్కులు వేసిన చోట ఇలాంటి తప్పు జరిగితే ఎవరు, ఏం చూపించి అడుగుతారు? రాత పరీక్షలో అన్యాయం ఎక్కువగా హాలు బయట జరుగుతుంది, ఇంటర్వ్యూలో గది లోపల జరుగుతుంది. బయట జరిగేదాన్ని లెక్క కట్టవచ్చు, కోర్టుకు ఎక్కించవచ్చు, కొంతవరకు సరిదిద్దవచ్చు. నా సలహాలన్నిటికీ మూలం ఇదే.

హాలు బయట జరిగేదేమిటి? ఎన్నిసార్లైనా రాయవచ్చు. గరిష్ఠ వయసు పరిమితిని 2022లో తీసేశారు. వినడానికి ఇది అందరికీ మేలే. కానీ రెండేళ్లు లాంగ్ టర్మ్ హాస్టల్ ఫీజు కట్టగల ఇంటికి రెండేళ్లు, ఒక్క ఏడాది కూడా కట్టలేని ఇంటికి ఒక్క అవకాశం. మొదటిసారి రాసిన గురుకులం అమ్మాయి 480కీ, మూడోసారి రాసిన నగరం పిల్లవాడి 520కీ మధ్య ఉన్న 40 మార్కులు తెలివి తేడా అని నేను ఎన్నటికీ ఒప్పుకోను. రిజర్వేషన్లు, స్థానిక కోటా ఈ దూరాన్ని కొంత పూడుస్తాయి. తమిళనాడు 2020లో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు 7.5 శాతం సీట్లు కేటాయించింది. మన రాష్ట్రంలోనూ అలాంటిది ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

పరీక్ష అయ్యాక డబ్బు ఇంకోసారి లోపలికి వస్తుంది. మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య కళాశాలల సీట్లలో సగం ర్యాంకు ప్రకారం తక్కువ ఫీజుకు ఇచ్చే కన్వీనర్ కోటా, 35 శాతం బి కేటగిరీ, 15 శాతం ఎన్నారై పేరుతో సి కేటగిరీ. బి, సి సీట్లకు కూడా నీట్‌లో అర్హత కావాలి. కానీ అర్హత వేరు, ర్యాంకు వేరు. కన్వీనర్ సీటు అందని ర్యాంకుతో ఏడాదికి లక్షలు కట్టగలవారు అదే తరగతి గదిలో పక్క బెంచీలో కూర్చుంటారు. దీన్ని దాచి పిల్లలకు "కష్టపడితే చాలు" అని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఏ కేటగిరీ వరకు మోయగలమో కాగితం మీద రాసుకోండి. సీటు వచ్చాక రెండో ఏడాది ఫీజుకు ఇల్లు తాకట్టు పెట్టిన కుటుంబాలు నాకు తెలుసు.

ఇంటర్ మార్కులు కలిపితే?

పాతవారికి ఎంసెట్ గుర్తుండే ఉంటుంది. 160 మార్కుల పరీక్షకు తోడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. వైద్య సీట్లకు మన రాష్ట్రంలో అది 2016తో ఆగింది. ఒక్క మధ్యాహ్నం జ్వరం వచ్చిందని రెండేళ్ల చదువు బూడిద కాకుండా ఆ 25 శాతం కాపాడేది. కానీ ప్రయోగ పరీక్షల మార్కులు ఎంత ఉదారంగా పడతాయో, ఏ కళాశాలలకు పడతాయో ఆ గదుల్లో తిరిగినవాణ్ణి నేను. ఇప్పుడు ఆ దారి లేదు కాబట్టి దీని గురించి ఇంతకన్నా చెప్పను.

ఇంటర్వ్యూ: మనిషిని చూస్తుందా, మనిషి తండ్రిని చూస్తుందా?

"డాక్టరంటే రోగితో మాట్లాడాలి కదా, ఆ గుణం ఓఎంఆర్ పత్రంలో ఎలా తెలుస్తుంది?" ఎంవీపీ కాలనీ పిల్లవాడి తల్లి అడిగిన ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పే ముందు నా సంగతి ఒకటి చెబుతాను.

చదువుకునే రోజుల్లో ఒక పై చదువు సీటుకు ఇంటర్వ్యూకు వెళ్లాను. ఆ సంస్థ పేరు అనవసరం. రాత పరీక్షలో నాది మంచి స్థానం. లోపల ముగ్గురు కూర్చున్నారు. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అన్నారు. చేపల రేవులో లెక్కలు రాస్తారన్నాను. "ఎక్కడుంటారు?" చెప్పాను. "సరే, వెళ్లవచ్చు." రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కప్ప గుండెకు ఎన్ని గదులో అడిగినా బాగుండేది. ఆ సీటు నాకు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. ఎవరినీ నిందించడానికి నా దగ్గర ఆధారం ఏదీ లేదు, నా గొంతులో అడ్డం పడింది ఆ ఆధారం లేకపోవడమే.

చాలా ఏళ్ల తరువాత అజయ్ హాసియా కేసు తీర్పు చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కళాశాలలో రాత పరీక్షకు 100 మార్కులు, మౌఖికానికి 50 పెట్టారు. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలే పిలిచారనీ, తల్లిదండ్రుల గురించీ ఇంటి గురించీ తప్ప ఏమీ అడగలేదనీ అభ్యర్థులు మొరపెట్టుకున్నారు. మొత్తం మార్కుల్లో 15 శాతం కన్నా ఎక్కువ మౌఖికానికి పెడితే అది నిరంకుశమేనని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటర్వ్యూలను టేపు రికార్డరులో రికార్డు చేస్తే మంచిదని కూడా అంది. మన దేశంలో వైద్య విద్య ప్రవేశాల్లో ఇంటర్వ్యూ దాదాపు కనుమరుగు కావడం వెనుక ఇలాంటి చేదు అనుభవాలు చాలా ఉన్నాయి.

అవి అక్రమాలు, సరే. అడిగేవారు నిజాయితీపరులైతే ఇంటర్వ్యూ మంచి డాక్టర్లను గుర్తిస్తుందా? అమెరికాలో హ్యూస్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో అనుకోకుండా ఒక పరీక్ష జరిగింది. 1979లో ఇంటర్వ్యూల ఆధారంగా 150 మందిని చేర్చుకున్నాక, ఇంకో 50 మందిని చేర్చుకోమని రాష్ట్ర శాసనసభ ఆదేశించింది. అప్పటికి మిగిలినవారు ఇంటర్వ్యూ జాబితాలో అట్టడుగున ఉన్నవారే. వారినే తీసుకున్నారు. చదువు పూర్తయ్యాక చూస్తే పైవారికీ అడుగువారికీ తేడా కనబడలేదు. అనుభవం గల వైద్యులు గంటలకొద్దీ కూర్చుని వేసిన ర్యాంకు, పిల్లలు ఎలా రాణిస్తారన్న దాని గురించి ఏమీ చెప్పలేకపోయింది.

లండన్‌లో సెయింట్ జార్జెస్ వైద్య కళాశాల సంగతి ఇంకా బాధాకరం. ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చే పనిని 1980ల మొదట్లో కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు అప్పగించారు. అది అంతకుముందు మనుషులు చేసిన ఎంపికలను అనుకరించేలా తయారైంది. దాంతో ఆడపిల్లలకూ, ఐరోపావారివి కాని పేర్లున్నవారికీ మార్కులు తగ్గించింది. ఇది వివక్షేనని బ్రిటన్ జాతి సమానత్వ కమిషన్ 1988లో తేల్చింది. మన పిల్లల పేర్లు, మన ఇంటి పేర్లు చూసి పక్కన పెట్టి ఉంటుందన్నమాట. ఆ కంప్యూటర్ తప్పు నేర్చుకున్నది మనుషుల దగ్గరే. కాగితం మీదికి వచ్చింది కాబట్టి అది దొరికింది.

ఈ లోపాలు తెలిసినవారు ఇంటర్వ్యూను వదిలేయకుండా దాని రూపాన్నే మార్చారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ) అనే పద్ధతి పుట్టింది, దాని వివరాలు 2004లో ప్రచురించారు. ఒక్క గదిలో ఒక్క పెద్ద ఇంటర్వ్యూ ఉండదు. ఆరు నుంచి పది చిన్న స్థానాలు ఉంటాయి, ఒక్కోచోట అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు. ఒకచోట కోపంగా ఉన్న రోగి బంధువు వేషంలో నటుడు ఉంటాడు, ఇంకోచోట నైతిక సందిగ్ధం ఒకటి ముందు పెడతారు. ఒక్కో స్థానంలో మార్కులు వేసేది వేరే మనిషి, అందరికీ ఒకే కొలమానం. ఒకరికి మీ యాస నచ్చకపోయినా మిగతావారు ఉంటారు. పాత ఇంటర్వ్యూ కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. అయినా దీనికీ శిక్షణ అమ్ముతున్నారు. మాతృభాష కాని భాషలో ఎనిమిది నిమిషాల్లో ఆదరంగా, తెలివిగా, తడబడకుండా కనిపించాలన్న షరతు మాత్రం అలాగే ఉంది.

మన దేశంలో ఇంటర్వ్యూ ఉన్న దారి: పుణె

ఎంబీబీఎస్‌కు ఇంటర్వ్యూ కూడా చూసే దారి మనకు పుణెలోని సైనిక దళాల వైద్య కళాశాల, అంటే ఏఎఫ్‌ఎంసీ. నీట్ రాసి, కౌన్సెలింగ్ వెబ్‌సైటులో దానికి ఆసక్తి తెలిపినవారిలో నుంచి మార్కుల ప్రకారం కొందరిని పిలుస్తారు. అక్కడ ఇంగ్లీషు, తర్కం మీద అరగంట పరీక్ష, మనస్తత్వ పరీక్ష, 50 మార్కుల ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష ఉంటాయి. ఇటీవలి ప్రకటనల ప్రకారం 145 సీట్లు, అందులో అమ్మాయిలకు 30 మాత్రమే. సైన్యంలో సేవ చేస్తానని బాండు రాయాలి.

ఆ 30 అంకె నన్ను బాధపెడుతుంది. అమ్మాయి తల్లిదండ్రులారా, దీన్ని లెక్కలోకి తీసుకుని గానీ ఆశ పెట్టుకోకండి. అబ్బాయిల విషయంలో, నీట్ మార్కులు బాగానే ఉండి, దేహదారుఢ్యం ఉండి, ఇంగ్లీషులో తన మాట తాను చెప్పుకోగలిగి, సైనిక జీవితం నిజంగా ఇష్టపడే పిల్లవాడికి ఇది చాలా మంచి దారి. విశాఖలో నౌకాదళ కుటుంబాల మధ్య పెరిగిన పిల్లల్లో అలాంటివారు చాలామంది ఉన్నారు. ఫీజు తక్కువని మాత్రమే పంపితే బిడ్డకు బాండు బరువవుతుంది. ఇంకోమాట: ఇంటర్వ్యూ ఉంది కాబట్టి నీట్ తక్కువైనా పరవాలేదనుకోవద్దు. పిలుపు వచ్చేదే నీట్ మార్కుల మీద.

ఎంవీపీ కాలనీ పిల్లవాడి తల్లికి చెప్పింది ఇదే. వాడి మాటతీరు వాడికి రెండో గదిలో పనికొస్తుంది, మొదటి గది తలుపు మాత్రం తెరవదు. ముందు పరీక్ష భయం పోవాలి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు, అసలు పరీక్ష వేళకే, పాత ప్రశ్నపత్రాలు రాయమన్నాను. పది వారాల తరువాత చేతులు చల్లబడడం తగ్గిందన్నాడు.

ఇంగ్లండ్ వైపు చూసేవారికి

అక్కడ చాలా వైద్య, దంత వైద్య కళాశాలలు యూక్యాట్ అనే పరీక్ష అడుగుతాయి, ఆ తరువాత ఎంఎంఐ లాంటి ఇంటర్వ్యూ. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటివి అడిగే బీమ్యాట్ 2023తో ఆగిపోయింది. యూక్యాట్‌లో జీవశాస్త్రం లేదు. 2025 నుంచి మూడు ఆలోచనా విభాగాలకు కలిపి 900 నుంచి 2,700 వరకు స్కోరు ఇస్తున్నారు, సందర్భోచిత నిర్ణయాల విభాగానికి వేరుగా నాలుగు బ్యాండ్లు. సబ్జెక్టు అడగడం లేదు కాబట్టి కోచింగ్ లేని పిల్లలకు ఇది న్యాయమని కొందరంటారు. చదువరీ, కాస్త ఆగి చూడండి. మొదటి విభాగంలో 22 నిమిషాల్లో 44 ప్రశ్నలు, ఇంగ్లీషు పేరాలు చదివి జవాబివ్వాలి. ప్రశ్నకు అరనిమిషం. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాల మధ్య పెరిగిన బిడ్డకూ తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చుకునే బిడ్డకూ ఆ అరనిమిషం ఒకటి కాదు.

సందర్భోచిత నిర్ణయాల విభాగంలో మన పిల్లలు ఎక్కడ తప్పుతారో నేను కూర్చుని గమనించాను. "సీనియర్ డాక్టరు రోగి విషయంలో పొరపాటు చేస్తున్నట్టు మీకు అనిపించింది, ఏం చేస్తారు?" మన ఇళ్లలో పెద్దలకు ఎదురు చెప్పకూడదని పెంచుతాం. కాబట్టి "ఊరుకుంటాను" వైపు మొగ్గుతారు. అక్కడ కోరేది మర్యాదగా, ఆలస్యం చేయకుండా నోరు విప్పడం. ఇది నేర్చుకోదగ్గ విషయమే, రోగి ప్రాణానికి మంచిదే. కానీ నేర్పేవారు లేని బిడ్డకు ఇది గుణ పరీక్ష కాదు, ఆ సమాజంలో పెరిగావా లేదా అన్న పరీక్ష అవుతుంది.

ఇంకొన్ని లెక్కలు. దరఖాస్తుకు అక్టోబరు 15 గడువు, వైద్యానికి నాలుగే ఎంపికలు. యూక్యాట్ ఏడాదికి ఒక్కసారే. ఇంగ్లండ్‌లో విదేశీ విద్యార్థులకు సుమారు 7.5 శాతం సీట్లే. ఫీజు మామూలు ఇంటికి అందేది కాదు. విదేశంలో ఎంబీబీఎస్ చదివి తిరిగొచ్చి ఇక్కడ వైద్యం చేయాలంటే నీట్ అర్హత ముందే ఉండాలి. కాబట్టి నీట్‌ను తప్పించుకోవడానికి ఇంగ్లండ్ దారి కాదు. పదో తరగతి నుంచి ఇంగ్లీషు చదవడం అలవాటైన, ఖర్చు అప్పు లేకుండా భరించగల కుటుంబాలకే దీన్ని నేను సూచిస్తాను. లాంగ్ టర్మ్ ఫీజు కట్టడానికే ఇబ్బంది పడేవారు ఈ వైపు చూడవద్దు. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

అదృష్టం గురించి ఒక పక్కమాట. నెదర్లాండ్స్‌లో వైద్య సీట్లకు దశాబ్దాలపాటు లాటరీ ఉండేది. మంచి మార్కులవారి పేరు వచ్చే అవకాశం ఎక్కువ, కానీ తుది మాట చీటీదే. 2017లో తీసేశారు, మళ్లీ కొన్నేళ్లకే కళాశాలలు కావాలనుకుంటే లాటరీ వాడుకోవచ్చని అనుమతించారు. ఎంపిక పరీక్షల కన్నా చీటీయే పేదలకు మేలని వాదించినవారు అక్కడ ఉన్నారు. మొదట విన్నప్పుడు నాకు మనస్కరించలేదు. తరువాత నీట్‌లో ఒక్క ప్రశ్న తప్పితే ఎన్ని వేల ర్యాంకులు కిందికి జారతామో తలచుకున్నాను. కటాఫ్ అంచున ఉన్నవారి విషయంలో మనదీ చీటీయే, పేరు వేరు. అంచున సీటు తప్పిన బిడ్డను దయచేసి చేతకానివాడిగా చూడకండి.

బీడీఎస్: చేతులను చూడని పరీక్ష

దంత వైద్యుడి పని అర అంగుళం చోటులో, అద్దంలో తిరగబడి కనిపించే బొమ్మను చూస్తూ చేసే చేతిపని. మన ఎంపికలో చేతులకు ఒక్క మార్కు కూడా లేదు. అమెరికా దంత వైద్య ప్రవేశ పరీక్షలో ఆకారాలను మనసులో తిప్పి చూడగలరా అని 90 ప్రశ్నలు అడుగుతారు. కెనడాలో చాలా ఏళ్లు సబ్బుబిళ్ల ఇచ్చి, కొలతల ప్రకారం చెక్కమనేవారు. బ్రిటన్‌లో కొన్ని దంత కళాశాలల ఇంటర్వ్యూల్లో తీగ వంచే పని లాంటివి పెడతారు. ఏటికొప్పాక పిల్లవాడు అలాంటి పరీక్ష రాస్తే ముందు వరసలో నిలిచేవాడని నా గట్టి నమ్మకం. మన దగ్గర వాడి చేతులు ఎవరికీ కనిపించవు.

అందువల్ల బీడీఎస్ విషయంలో ఆ పరీక్ష మీరే పెట్టుకోవాలి. ఎంబీబీఎస్ రాలేదన్న దిగులుతో వెబ్ ఆప్షన్లలో బీడీఎస్ నొక్కేయకండి. విశాఖ చుట్టుపక్కల రుషికొండలో ఒకటి, సంగివలసలో ఒకటి దంత కళాశాలలున్నాయి. వాటిలో ఒకదాని ఔట్ పేషెంట్ విభాగంలో ఒక పూట గడపమనండి. ప్రభుత్వ దంత కళాశాలలు విజయవాడ, కడపల్లో ఉన్నాయి, ఆ దూరాన్నీ ఆలోచించండి. ఇంట్లో మైనపు ముద్ద ఇచ్చి దవడ పన్ను ఆకారం చెక్కమనండి. గంట గడిచినా లేవాలనిపించని బిడ్డకు బీడీఎస్ రెండో ఎంపిక కాదు. పావుగంటకే విసుగొచ్చిన బిడ్డకు నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ నరకం అవుతాయి. అలాంటప్పుడు ఇంకో ఏడాది నీట్‌కు ఇవ్వడమో, వేరే చదువు చూడడమో మేలు. ఏటికొప్పాక పిల్లవాడు సందేహం లేకుండా బీడీఎస్ తీసుకున్నాడు. మైనం చెక్కమంటే వాడు చెక్కిన పన్ను ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

మళ్లీ రాయించాలా, వద్దా?

ఇదే అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది. నేను ముందు అడిగేది మార్కులు కాదు, తప్పులు. తెలిసిన ప్రశ్నలు ఎన్ని తప్పాయి, తెలియని వాటికి గుడ్డిగా ఎన్ని గుర్తు పెట్టాడు, సమయం చాలక ఎన్ని వదిలేశాడు? ఓఎంఆర్ నకలు, కీ పక్కపక్కన పెట్టుకుని ఈ మూడూ లెక్కపెట్టండి. మొదటిదీ మూడోదీ ఎక్కువైతే ఇంకో ఏడాది ఫలిస్తుంది. తెలియనివే ఎక్కువైతే ఆ ఏడాదిని పాఠం మొదటినుంచి నేర్పే చోట గడపాలి, రోజూ పరీక్షలు పెట్టే చోట కాదు. రెండో ప్రయత్నం దాటాక మాత్రం బిడ్డ ముఖం చూడండి. నిద్ర, తిండి, నవ్వు తగ్గాయా చూడండి. మూడోసారి రాయాలన్న నిర్ణయం బిడ్డ నోటినుంచే రావాలి.

సమాన మార్కులు వచ్చినప్పుడు ముందు జీవశాస్త్రం మార్కులు చూస్తారు. జీవశాస్త్రంలో 360 మార్కులున్నాయి. భౌతికశాస్త్రం కోచింగ్‌కు డబ్బు లేని బిడ్డ పాఠ్యపుస్తకంతోనే ఎక్కువ దూరం వెళ్లగలిగేది ఇక్కడే. పాడేరు అమ్మాయితో నేను పట్టుబట్టింది ఇదే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రెండూ బొమ్మల కింది వాక్యాలతో సహా చదివించాను. ఎంఎంఐ ఉన్న చోటైతే ఆ అమ్మాయి ఎనిమిది నిమిషాల్లో ఓడిపోయేది. తన ఊరి బాలింతను గంటలో మాట్లాడించగలదన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అలాంటి పిల్లలకు రాత పరీక్షే సరైన దారి, దాని తప్పులన్నిటితోనూ.

మన్యం నుంచి వచ్చే పిల్లలకు ఒక ముఖ్యమైన మాట. పరీక్ష మధ్యాహ్నం రెండు గంటలకైనా కేంద్రం తలుపు ఒకటిన్నరకే మూస్తారు, ఆ తరువాత కాళ్లా వేళ్లా పడినా తీయరు. ఘాట్ రోడ్డులో బస్సు ఆగిపోతే ఏడాది పోతుంది. ఉదయం బయలుదేరవద్దు, ముందు రోజే నగరానికి దిగండి. పొట్టి చేతుల చొక్కా, చెప్పులు, అడ్మిట్ కార్డు, ఫొటో, గుర్తింపు కార్డు రాత్రే సంచిలో సర్దుకోండి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి పరీక్ష కేంద్రానికి ఎంతసేపు పడుతుందో ముందు రోజు సాయంత్రమే ఒకసారి వెళ్లి చూసుకోండి. ఉండడానికి చోటు లేనివారు మీ అధ్యాపకులను అడగండి, మొహమాటపడవద్దు. ఆ రాత్రికి మా వరండాలో చాపలు వేసే ఉంటాయి.